వయసు మళ్లిన గుర్రం, దాణా తొట్టి



"డాక్టర్ గారూ, మనుషులకొచ్చినట్టు గుర్రానికీ షుగర్ వస్తుందా?" లాయాలకు వెళ్లే పశువైద్యులను గుర్రాల వాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది. వస్తుందన్నా, రాదన్నా చెప్పింది సగమే అవుతుంది. రక్తంలో చక్కెర రెండొందలు, మూడొందలు దాటి మూత్రంలోకి కూడా దిగే మధుమేహం గుర్రాల్లో అరుదు. కానీ చక్కెరను అదుపులో పెట్టే ఏర్పాటు లోపలే దెబ్బతినడం మాత్రం గుర్రాల్లో మామూలుగా కనబడుతుంది. వయసు పైబడిన వాటిలో ఇంకా ఎక్కువ. మనిషికైతే షుగర్ వల్ల కళ్లు పోతాయి, మూత్రపిండాలు పోతాయి. గుర్రానికి గిట్టలు పోతాయి. గిట్టలు పోయిన గుర్రం నిలబడలేదు, నిలబడలేని గుర్రం బతకదు. అందుకే వయసు, మేత ఈ రెండూ కలిసి గుర్రం ఒంట్లో చక్కెరను ఏం చేస్తాయో ఇవాళ మీతో కాస్త వివరంగా మాట్లాడాలనుకుంటున్నాను.

ముందు గుర్రం పొట్ట సంగతి. నాలుగైదు క్వింటాళ్ల బరువుండే ఈ జంతువుకు జీర్ణాశయం చాలా చిన్నది. పట్టేది ఎనిమిది నుంచి పదిహేను లీటర్లే. ఆవుకూ గేదెకూ ఉన్నట్టు నాలుగు గదుల పొట్ట లేదు, నెమరు వేయడం లేదు. స్వేచ్ఛగా వదిలేస్తే గుర్రం రోజులో సగానికి పైగా తలవంచి మేస్తూనే ఉంటుంది. కొంచెం కొంచెంగా, ఆగకుండా. ఆ గడ్డిలోని పీచు చిన్నపేగులో అరగదు. వెనకనున్న సీకమ్ అనే పేగు సంచి‌లోకి, పెద్దపేగులోకి చేరి, అక్కడ కోటానుకోట్ల సూక్ష్మజీవుల వల్ల పులిసి, కొవ్వు ఆమ్లాలుగా మారుతుంది. గుర్రానికి శక్తి ప్రధానంగా వచ్చేది ఆ ఆమ్లాల నుంచే. వాటిలో ప్రొపియోనేట్ అనేది కాలేయానికి వెళ్లి గ్లూకోజు అవుతుంది. ఈ పని రాత్రీ పగలూ నింపాదిగా సాగుతుంది కాబట్టి గడ్డి మీద బతికే గుర్రం రక్తంలో చక్కెర పెద్దగా ఎగరదు, పెద్దగా పడదు. డెసిలీటరుకు 70 నుంచి 110 మిల్లీగ్రాముల మధ్య ఉంటుంది.

గింజ దాణా దారి వేరు. ఓట్లు, బార్లీ, మొక్కజొన్న, ఏ గింజైనా సరే, అందులోని పిండిపదార్థంలో చిన్నపేగులో విరిగినదంతా గ్లూకోజుగా రక్తంలోకి ఒక్కసారిగా దిగుతుంది. దాణా తిన్న గంట, రెండు గంటల్లో చక్కెర శిఖరానికి చేరుతుంది. దాని వెంటే క్లోమం నుంచి ఇన్సులిన్ వస్తుంది. ఆ ఇన్సులిన్ కండరాలకూ కొవ్వుకూ తలుపులు తెరిపించి, చక్కెరను లోపలికి పంపి, మరి కొన్ని గంటల్లో రక్తాన్ని మళ్లీ మామూలు స్థితికి తెస్తుంది.

ఇక్కడ ఒక లెక్క చూడండి. 450 కిలోల గుర్రానికి ఒంట్లో రక్తం సుమారు 36 లీటర్లు. డెసిలీటరుకు 90 మిల్లీగ్రాముల చొప్పున లెక్కేస్తే, ఆ మొత్తం రక్తంలో ఏ క్షణాన చూసినా ఉండే గ్లూకోజు 32 గ్రాములు. అంటే పిడికెడు కూడా కాదు. ఇప్పుడు ఆ గుర్రం ముందు రెండు కిలోల ఓట్లు పెట్టామనుకుందాం. ఓట్లలో పిండిపదార్థం నూటికి సుమారు 40 పాళ్లుంటుంది. రెండు కిలోల్లో 800 గ్రాములు. 32 గ్రాములతో నడిచే చోటికి, నాలుగైదు గంటల్లో వందల గ్రాములు వచ్చి పడుతున్నాయి. అంత వరదను తట్టుకుని రక్తంలో చక్కెరను మళ్లీ తొంభైకి తేవడమన్నది ఆరోగ్యంగా ఉన్న, పనిచేసే, వయసులో ఉన్న గుర్రం రోజుకు రెండు మూడు సార్లు చేస్తూనే ఉంటుంది. దాని సామర్థ్యం అంత గొప్పది. వయసు మళ్లిన గుర్రం కూడా చాలావరకు చేస్తుంది. కాకపోతే అదే పనికి రెండింతలు, మూడింతలు, ఒక్కోసారి అంతకు మించి ఇన్సులిన్ ఖర్చు పెడుతుంది. చక్కెర రిపోర్టు చూసిన యజమానికి అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. అసలు ప్రమాదం అక్కడే ఉంది.

మనుషుల్లో ఏళ్ల తరబడి ఎక్కువ పనిచేసి క్లోమం అలసిపోతుంది, ఇన్సులిన్ చాలక చక్కెర పెరుగుతుంది. గుర్రం క్లోమం అంత తేలిగ్గా అలసిపోదు. కండరాలు మాట వినకపోతే ఇంకా ఇంకా ఇన్సులిన్ పంపుతూనే ఉంటుంది. చక్కెర మామూలుగానే ఉంటుంది, ఇన్సులిన్ మాత్రం రోజంతా ఎత్తులోనే ఉంటుంది. దీన్ని ఇన్సులిన్ అదుపు తప్పడం అంటాం. చాలాకాలం ఇది గుర్రానికి పెద్ద హాని చేయదనే అనుకున్నారు. ఆ నమ్మకాన్ని మార్చింది ఆస్ట్రేలియాలో జరిగిన ఒక ప్రయోగం. 2007లో ఆస్ప్లిన్, సిలెన్స్, పాలిట్ తదితరులు దాన్ని ప్రచురించారు. ఏ జబ్బూ లేని పోనీలను తీసుకుని, వాటి రక్తంలోకి ఆగకుండా ఇన్సులిన్ ఎక్కించారు. చక్కెర పడిపోకుండా గ్లూకోజు కూడా ఇస్తూ, దాన్ని మామూలు స్థాయిలోనే నిలబెట్టారు. అంటే ఆ పోనీల రక్తంలో తేడాగా ఉన్నది ఇన్సులిన్ ఒక్కటే. 72 గంటలు తిరక్కుండానే, ఇన్సులిన్ ఎక్కించిన ప్రతి పోనీకీ లామినైటిస్ వచ్చింది. 2010లో మెలొడీ డి లాట్ బృందం స్టాండర్డ్‌బ్రెడ్ జాతి గుర్రాల మీద ఇదే చేసి చూస్తే, 48 గంటల్లోనే అదే ఫలితం కనబడింది.

లామినైటిస్ అంటే ఏమిటో తెలియని శ్రోతల కోసం రెండు మాటలు. గిట్ట లోపల ఒక ఎముక ఉంటుంది. గుర్రం బరువంతా కాళ్ల మీదుగా దిగి చివరికి ఆ ఎముక మీదే పడుతుంది. ఆ ఎముకనూ గిట్ట గోడనూ సన్నని పొరలు కలిపి ఉంచుతాయి. రెండు చేతుల వేళ్లు ఒకదాన్లో ఒకటి జొప్పించి గట్టిగా పట్టుకున్నట్టుంటుంది ఆ కట్టు. ఇన్సులిన్ రోజుల తరబడి ఎక్కువగా ఉంటే ఆ పొరల్లోని కణాలు సాగి, బలహీనపడి, పట్టు వదిలేస్తాయి. ఎముక తిరిగిపోతుంది, లేదా కిందికి దిగిపోతుంది. గుర్రం ముందుకాళ్లు ముందుకు చాచి, బరువు వెనక్కి వేసి నిలబడుతుంది. తిప్పితే అడుగు పడదు. 1973లో అమెరికా ట్రిపుల్ క్రౌన్ గెలిచి ప్రపంచమంతా పేరు మోగిన సెక్రటేరియట్ అనే గుర్రాన్ని, 19 ఏళ్ల వయసులో, 1989 అక్టోబరు 4న నొప్పి భరించలేని స్థితిలో ప్రాణం తీసి విముక్తి కలిగించాల్సి వచ్చింది. దానికి వచ్చిన జబ్బు లామినైటిస్సే. ఈ జబ్బు రావడానికి వేరే కారణాలు కూడా ఉన్నాయి. కానీ ఇళ్లలో, తోటల్లో, చిన్న లాయాల్లో పెరిగే గుర్రాల్లో కనిపించే లామినైటిస్‌లో ఎక్కువ భాగం ఇన్సులిన్ వల్ల వచ్చేదేనని ఇప్పుడు స్పష్టంగా తెలిసింది.

వయసు విషయానికొద్దాం. గుర్రానికి ఇరవై ఏళ్లు నిండితే ముసలిదన్నట్టే. మంచి పోషణలో పాతిక, ముప్పై ఏళ్లు బతికేవి ఉన్నాయి. న్యూజెర్సీలోని రట్గర్స్ విశ్వవిద్యాలయంలో కారిన్ మాలినోవ్‌స్కీ బృందం ముసలి ఆడ గుర్రాలనూ పడుచు వాటినీ పక్కపక్కన పెట్టి చూసింది. 2002లో వచ్చిన ఆ పరిశోధన ప్రకారం చక్కెరను అదుపు చేయడానికి ముసలి వాటికి ఎక్కువ ఇన్సులిన్ కావలసి వచ్చింది. కొన్ని వారాల పాటు క్రమంగా వ్యాయామం చేయించాక ఆ అవసరం తగ్గింది. మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో సగటున తొమ్మిదేళ్ల గుర్రాలనూ ఇరవై దాటిన గుర్రాలనూ తీసుకుని, పీచు ఎక్కువున్న మేత, పిండి ఎక్కువున్న మేత, చక్కెర ఎక్కువున్న మేత ఒక్కొక్కటిగా అలవాటు చేసి చూశారు. అక్కడా ముసలివే ఎక్కువ ఇన్సులిన్ విడుదల చేశాయి. ఇవి జబ్బుపడ్డ గుర్రాలు కావని గుర్తుపెట్టుకోవాలి. వయసు తప్ప వేరే తప్పేమీ లేని గుర్రాలు.

ఎందుకిలా? మొదటి కారణం కండ. తిన్న చక్కెరలో పెద్ద వాటా వెళ్లేది కండరాల్లోకే. వయసుతో వెన్ను మీదా పిరుదుల మీదా కండ కరుగుతుంది, పని తగ్గుతుంది, చక్కెర దిగే చోటు కుంచించుకుపోతుంది. రెండోది కొవ్వు. పని లేక, తిండి తగ్గక మెడ మీద, భుజం వెనక, తోక మొదట్లో కొవ్వు పేరుకుంటుంది. కెంటకీ విశ్వవిద్యాలయంలో అమాండా ఆడమ్స్ బృందం ముసలి గుర్రాల రక్తంలో వాపును పెంచే పదార్థాలు ఎక్కువగా ఉంటాయని, లావైన ముసలి గుర్రాల్లో ఇంకా ఎక్కువని, బరువు తగ్గిస్తే అవీ తగ్గుతాయని చూపించింది. ఒంట్లో ఇలా నిత్యం సన్నగా ఉండే వాపు ఇన్సులిన్ మాటను కండరాలు వినకుండా చేస్తుంది.

మూడోది మెదడు అడుగున ఉండే పిట్యుటరీ గ్రంథి. వయసుతో పాటు ఈ గ్రంథిని అదుపులో ఉంచే డోపమిన్ నరాలు నశించి, గ్రంథి మధ్యభాగం పెరిగి, అవసరం లేని హార్మోన్లను గుమ్మరిస్తుంది. గుర్రాల వాళ్లు దీన్ని కుషింగ్స్ అంటారు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో 15 ఏళ్లు దాటిన గుర్రాలను పరీక్షిస్తే సుమారు ఐదింట ఒకదానికి ఈ జబ్బు బయటపడింది. లక్షణాలు కళ్లకు కనబడేవే. రాలాల్సిన జుట్టు రాలదు. మే నెల ఎండల్లో కూడా ఒంటి నిండా పొడుగాటి, ఉంగరాల జుట్టుతో, చెమటతో తడిసి నిలబడి ఉంటుంది. నీళ్లు ఎక్కువ తాగుతుంది, మూత్రం ఎక్కువ పోస్తుంది. పొట్ట జారుతుంది, వెన్నెముక తేలుతుంది. "ముసలితనం కదా సార్, అంతే" అని లాయంలో అందరూ సర్దిచెప్పుకుంటారు. అది ముసలితనం కాదు, మందున్న జబ్బు. పెర్గొలైడ్ అనే మందు ఉంది, పనిచేస్తుంది. కుషింగ్స్ వచ్చిన ప్రతి గుర్రానికీ ఇన్సులిన్ అదుపు తప్పదు. తప్పినవాటికి మాత్రం లామినైటిస్ భయం చాలా ఎక్కువ.

ఇక నాలుగోది పళ్లు. పుస్తకాల్లో దీన్ని చక్కెర అధ్యాయంలో రాయరు. లాయంలో మాత్రం ఇదే మొదటి మెట్టు. ఒక ఆడ గుర్రం విషయం చెబుతాను. వయసులో ఉన్నప్పుడు పందేల్లో పరిగెత్తింది. తర్వాత స్వారీ నేర్చుకునే పిల్లల్ని మోసింది. ఇరవై దాటాక నగరం శివారులో ఒక తోటలో విశ్రాంతిగా ఉంది. తొట్టి కింద నేల మీద నిమ్మకాయంత నిమ్మకాయంత పచ్చటి ఉండలు తడితడిగా పడి ఉన్నాయి. సగం నమిలి, నమలలేక ఉమ్మేసిన గడ్డి అది. దవడపళ్లు అరిగి, ఒకటి ఊడి, మరొకటి పక్కకు మొనతేలి బుగ్గను కోస్తోంది. గడ్డి నమలలేకపోతోందని సాయీసు జాలిపడి, ఉలవలు మెత్తగా ఉడికించి, గోధుమ తవుడు కలిపి, మీద బెల్లం చిదిమి రెండు పూటలా పెడుతున్నాడు. ప్రేమతో చేసిన పని. "బెల్లం లేకపోతే మూతి తిప్పుకుంటుంది సార్" అన్నాడు, దాని నుదురు నిమురుతూ.

జూలు కింద మెడ మీద చెయ్యి వేస్తే కొవ్వు గట్టుకట్టి ఉంది. అటూ ఇటూ కదిపితే కదలనంత గట్టిగా ఉంది. గిట్టల మీద అడ్డంగా గీతలున్నాయి. అవి మడమ వైపు వెడల్పుగా, ముందువైపు ఇరుకుగా ఉన్నాయి. ఏ పాత లామినైటిస్సో సన్నగా వచ్చి పోయిందనడానికి ఆ గీతలే సాక్ష్యం. రక్తం తీసి చూస్తే చక్కెర నూటికి లోపే ఉంది. ఇన్సులిన్ మాత్రం ఉండాల్సిన దానికంటే ఎన్నో రెట్లుంది. చక్కెర ఒక్కటే చూసి వదిలేసి ఉంటే ఆ గుర్రాన్ని మంచి ఆరోగ్యంతో ఉన్నదనే రాసేవాళ్లం. పళ్లు సానపట్టించి, బెల్లం మాన్పించి, తొట్టిలో ఏముండాలో మార్చాక కొన్ని నెలల్లో ఆ ఇన్సులిన్ దిగింది. బెల్లం బదులు సాయీసు దానికి చేత్తో గుప్పెడు గరిక తినిపించడం మొదలుపెట్టాడు. అది మూతి తిప్పుకోలేదు.

పరీక్ష ఎలా చేస్తారో చెబుతాను, ఎందుకంటే అడగడం మీ హక్కు. రాత్రంతా దాణా పెట్టకుండా, కావాలంటే కొద్దిగా ఎండుగడ్డి ఇచ్చి ఉంచుతారు. పొద్దున్నే మొక్కజొన్న నుంచి తీసిన చిక్కటి తియ్యటి సిరప్‌ను పెద్ద సిరంజిలో నింపి నోట్లోకి పట్టిస్తారు. ఎంత పట్టించాలన్నది గుర్రం బరువును బట్టి ఉంటుంది. గంట, గంటన్నరకు రక్తం తీసి ఇన్సులిన్ కొలుస్తారు. గ్లూకోజు ఎంత పెరిగిందన్నదాని కంటే, దాన్ని దించడానికి ఇన్సులిన్ ఎంత లేచిందన్నదే ఇక్కడ ముఖ్యం. రక్తం తీయడానికి ముందు మత్తు మందు ఇవ్వకూడదు. జైలజిన్, డెటొమిడిన్ లాంటివి ఇన్సులిన్‌ను అణిచేసి చక్కెరను పెంచుతాయి, అప్పుడు లెక్కంతా తప్పుతుంది. నొప్పితో ఉన్నప్పుడూ, దూరం ప్రయాణం చేయించి తెచ్చిన రోజూ పరీక్ష చేయించకండి.

ఇప్పుడు మేత. ఈ విషయంలో నాకు గట్టి అభిప్రాయం ఉంది. వయసును మనం ఆపలేం, జాతిని మార్చలేం, మందులు ఆఖరి దారి. రోజూ మన చేతుల మీదుగా వెళ్లేది తొట్టి ఒక్కటే. ముసలి గుర్రానికి వచ్చే కష్టంలో సగం మనం ఆ తొట్టిలో ఏం పోస్తున్నామన్న దాని మీదే ఉంది.

ఆరోగ్యంగా ఉన్న గుర్రానికైనా ఒక పూటకు కిలో బరువుకు ఒక గ్రాము పిండిపదార్థం మించకుండా చూడమంటారు. 450 కిలోల గుర్రానికి 450 గ్రాములు. ఓట్లయితే కిలో పై చిల్లర. మొక్కజొన్న అయితే అందులో పిండి నూటికి 70 పాళ్లు కాబట్టి ముప్పావు కిలో కూడా రాదు. అది ఆరోగ్యవంతుల సంగతి. ఇన్సులిన్ అదుపు తప్పిన గుర్రానికి, ఇటీవల కెంటకీలో జరిగిన పరిశోధనల ప్రకారం, ఒక పూటకు పిండి, చక్కెర కలిపి కిలో బరువుకు 0.1 గ్రాము లోపే ఉండాలి. అంటే 45 గ్రాములు. మన కిరాణా కొట్టులో అమ్మే బెల్లం అచ్చులో చిన్న ముక్క చిదిమితే 50 గ్రాములుంటుంది. ఒక్క ముక్క బెల్లంతో ఆ పూట కోటా అయిపోయింది. ఇంకా ఉలవలు పెట్టలేదు, తవుడు కలపలేదు, గడ్డిలో సహజంగా ఉండే చక్కెర లెక్కలోకి రాలేదు. హైదరాబాదులో బారాత్ గుర్రాలకు పెళ్లివారు లడ్డూలు తినిపిస్తారు. విశాఖ బీచ్‌లో పిల్లలు బిస్కెట్లు పెడతారు. గుర్రం ఆనందంగా తింటుంది. గుర్రం వయసు ఇరవై దాటి, మెడ మీద గట్టు లేచి ఉంటే దయచేసి ఆ చెయ్యి ఆపండి.

ఉలవల మీద నాకు కోపమేమీ లేదు. మన నేలలో, మన నీళ్లకు పండే గింజ. మొక్కజొన్న కంటే, బార్లీ కంటే పిండి తక్కువ, మాంసకృత్తులు నూటికి 20 పాళ్ల పైన. పనిచేసే గుర్రానికి దక్షిణ దేశంలో తరతరాలుగా ఉలవలు, శనగలే బలం. కానీ పని మానేసిన గుర్రానికి పని చేసిననాటి కొలతే పోస్తూ ఉండటం మన లాయాల్లో ప్రతిచోటా కనబడే అలవాటు. డబ్బాతో కొలవకండి, తూకం వేయండి. ఒకే డబ్బాలో ఉలవలు ఒక బరువు, తవుడు ఒక బరువు తూగుతాయి. గోధుమ తవుడు తేలిగ్గా ఉంటుందని చాలా పోస్తారు. అందులోనూ పిండి ఉంది. పైగా భాస్వరం ఎక్కువ, కాల్షియం తక్కువ. ఏళ్ల తరబడి దాని మీదే ఉంచితే ఎముకలు గుల్లవుతాయి.

ప్రధానంగా గడ్డి ఉండాలి. రోజుకు ఒంటి బరువులో నూటికి ఒకటిన్నర నుంచి రెండు పాళ్లు. 450 కిలోల గుర్రానికి ఏడు నుంచి తొమ్మిది కిలోల ఎండుగడ్డి, రోజంతా పంచి. అయితే అన్ని గడ్డీ ఒకటి కాదు. చలి దేశాల గడ్డిజాతుల్లో ఫ్రక్టాన్ అనే చక్కెర పేరుకుంటుంది. పగలు ఎండ కాసి రాత్రి మంచు కురిస్తే ఇంకా పెరుగుతుంది. అమెరికాలోని వర్జీనియాలో 2004 మే నెలలో ఒక పోనీల క్షేత్రంలో లామినైటిస్ చెలరేగినప్పుడు, అప్పుడే అక్కడి పచ్చికలో పిండిపదార్థం పెరిగి ఉన్నట్టు, ముందే ఇన్సులిన్ ఎక్కువున్న పోనీలే ఆ జబ్బున పడ్డట్టు క్రాన్‌ఫెల్డ్ బృందం రికార్డు చేసింది. మన గరిక ఆ కోవలోది కాదు. వేడి నేలల గడ్డి కాబట్టి ఫ్రక్టాన్ పోగుచేయదు. పశ్చిమ దేశాల వాళ్లు బెర్ముడా గ్రాస్ అని ఎండబెట్టి గుర్రాలకు పెట్టేది ఈ గరికనే. శుభ్రమైన చోట కోసి, దుమ్ము దులిపి పెడితే ముసలి గుర్రానికి దానికి మించిన మేత మన ఊళ్లలో దొరకదంటాను. ఒక్క జాగ్రత్త, మరీ సన్నటి గరిక నమలకుండా మింగితే పేగులో అడ్డుపడుతుంది. పళ్లు బాగా పోయినదానికి చిన్నగా కత్తిరించి తడిపి పెట్టాలి. గింజపట్టిన ఓట్ల గడ్డికి, చెరకు ఆకుకు, లేత మొక్కజొన్న చొప్పకు దూరంగా ఉంచండి.

ఎండుగడ్డిలో చక్కెర ఎక్కువుందనిపిస్తే అరగంట, గంట నీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి పెట్టండి. కొంత చక్కెర నీళ్లలోకి దిగిపోతుంది. మన ఎండలకు రాత్రంతా నానబెడితే గడ్డి పులిసి చెడిపోతుంది, అలా చేయకండి. పచ్చిక మీద వదిలేవాళ్లు తెల్లవారుజామున వదిలి పొద్దెక్కకముందే లోపలికి తేవడం మంచిది. సూర్యుడి వెలుతురులో గడ్డి చక్కెర తయారు చేసుకుంటుంది, సాయంత్రానికి అది నిండుగా ఉంటుంది.

ముసలి గుర్రాలన్నీ లావుగా ఉండవు. ఎముకలు తేలినవీ ఉంటాయి, వాటిలోనూ ఇన్సులిన్ అదుపు తప్పినవి ఉంటాయి. వీటికి బలం కావాలి, కానీ పిండి వద్దు. ఇక్కడ కోనసీమ కొబ్బరి మనకు అక్కరకొస్తుంది. నూనె తీసిన కొబ్బరి చెక్కలో పిండి, చక్కెర తక్కువ, పీచూ కొవ్వూ ఎక్కువ. ఆస్ట్రేలియాలో దీన్ని గుర్రాల దాణాగా చాలాకాలంగా వాడుతున్నారు. బూజు వాసన కొడితే మాత్రం ఒక్క గుప్పెడు కూడా వద్దు. బూజు విషాలను గుర్రం తట్టుకోలేదు. నానబెట్టిన లూసర్న్ కూడా మంచిదే. నూనె వాడేవాళ్లు 50 మిల్లీలీటర్లతో మొదలుపెట్టి రెండు మూడు వారాల మీద మెల్లగా పెంచాలి. ఏ మార్పైనా పది, పదిహేను రోజుల మీద చేయాలి, వెనకపేగులోని సూక్ష్మజీవులకు కొత్త మేత అలవాటు కావడానికి అంత కాలం పడుతుంది.

లావు గుర్రాన్ని పస్తులుంచి సన్నగా చేద్దామనుకునేవాళ్లకు గట్టిగా చెబుతున్నాను, ఆ పని చేయకండి. గుర్రాన్ని, అందులోనూ పోనీలను, గాడిదలను ఒక్కసారిగా ఆకలికి వదిలేస్తే ఒంట్లోని కొవ్వంతా రక్తంలోకి దిగి, కాలేయం దెబ్బతిని, రోజుల్లో ప్రాణం పోతుంది. గడ్డిని ఒంటి బరువులో నూటికి ఒకటిన్నర పాళ్లకు తగ్గించి, సన్నటి కన్నాల వలలో కట్టి నిదానంగా తినేలా చేస్తే చాలు. బరువు నెలల మీద దిగాలి.

కాళ్లలో నొప్పి లేని గుర్రాన్ని నడిపించండి. రోజూ అరగంట, తట్టుకోగలిగితే కొంచెం ట్రాట్. రట్గర్స్ ముసలి గుర్రాల్లో ఇన్సులిన్ తగ్గించింది వ్యాయామమే. మందుల్లో మెట్‌ఫార్మిన్ ఉంది, కానీ గుర్రం పేగు దాన్ని సరిగ్గా పీల్చుకోదు. మనుషుల షుగర్‌కు వాడే గ్లిఫ్లోజిన్ మందులు ఇప్పుడు గుర్రాల్లో ఇన్సులిన్‌ను బాగా తగ్గిస్తున్నాయి. వాటితో రక్తంలో కొవ్వు పెరగవచ్చు కాబట్టి పశువైద్యుడి పర్యవేక్షణలో, తరచూ రక్తం చూసుకుంటూ వాడాల్సినవి. మీ ఇంట్లో ఎవరికో రాసిన మాత్ర తీసి గుర్రానికి వేయకండి. కీళ్ల నొప్పికనో ఉబ్బసానికనో స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తామంటే, ముసలి గుర్రానికి ముందు ఇన్సులిన్ చూడమని అడగండి.

పదిహేనేళ్లు దాటిన గుర్రం మీ దగ్గరుంటే ఈ వారంలోనే ఒక పని చేయండి. జూలు కింద మెడను చేత్తో పట్టి చూడండి. నాలుగు గిట్టల మీదా గీతలున్నాయేమో చూడండి. లాడాలు కొట్టే అతను వచ్చినప్పుడు అతణ్ణీ అడగండి, గిట్ట కోసినప్పుడు లోపల నెత్తుటి మరకలు కనబడుతున్నాయా అని. తర్వాత రోజుకు ఎంత దాణా పోస్తున్నారో తూకం వేసి కాగితం మీద రాసుకోండి. ఆ కాగితం పట్టుకుని మీ పశువైద్యుడి దగ్గరికి వెళ్లి, చక్కెరతో పాటు ఇన్సులిన్ కూడా చూడమని అడగండి.